సృష్ట్యాదియు, కోలారు గనియు

మన భట్టిప్రోలు స్తూపమును 1892వ సంవత్సరమున రే దొర త్రవ్వించినపుడు రాతి కరండములును, వానిలో స్ఫటికపు భరణెలును బయల్పడినవి. రెండువేల యేండ్లకు పైగా నవి చెడలేదు. అట్టి రాతిలోని సూక్ష్మకణము లెన్నటికైన నశించునా యను ప్రశ్న యొకప్పుడు కోలారు బంగారు గనిలో పరీక్షకు వచ్చినది. ఆ ప్రశ్నకు మూలము సృష్ట్యాదియందున్నది.

ఈ విశ్వము వయస్సు రమారమి 1380 కోట్ల యేండ్లు. తొలి క్షణములో నత్యల్పభాగమున నది యపారముగా నుబ్బినదని అమెరికా పండితుడు అలన్ గూత్ 1981లో ప్రతిపాదించెను. అపుడు చోటెల్ల నొక యస్థిర క్షేత్రము నిండియుండెనట. క్షేత్రమనగా పొలము గాదు సుమా. అంతట వ్యాపించిన శక్తి. మన కృష్ణకాలువలపై లాకు తలుపులు మూసినపుడు పైనీరు కదలక నిలుచును. తలుపెత్తినంతనే నురుగులు గ్రక్కుచు క్రిందికి దూకును. ఆ క్షేత్రమును నట్లే దిగజారి, తన శక్తిని వేడిమిగను కణములుగను మార్చినదందురు. ఒక భేదము గలదు: నీరు పరచుకొన్నకొలది పలుచనగును; ఈ శక్తి చోటు పెరిగినను పలుచబడదు. ఉబ్బుటకు గారణ మదియే. గూత్ లెక్కలో నీ దిగజారుట సరిగా ముగియలేదు. 1982లో రష్యాలో లిండేయు, అమెరికాలో ఆల్‌బ్రెక్ట్, స్టైన్‌హార్టులును దానిని సవరించిరి.

ఇక చిక్కు. శక్తినుండి పదార్థము పుట్టినపుడు ప్రతిపదార్థమును సరిసమానముగా పుట్టవలెను. రెండును గలిసి మాయము గావలెను. మనమెట్లు మిగిలితిమి? పదార్థమును పుట్టించుటకును చంపుటకును ప్రకృతిలో దారి యుండవలెనని 1967లో సఖరోవ్ వాదించెను. అట్లైన అణుగర్భమందలి ప్రోటానుకును చావు గలదేమో!

దానిని చూచుటకే 1980లో టాటా పరిశోధనాసంస్థవారును, జపానువారును కోలారులో 2300 మీటర్ల లోతున 140 టన్నుల ఇనుమును బేర్చి కాచుకొనిరి. ఆకాశమునుండి కురియు కిరణములు సోకకుండుటకే యంత లోతు. చిత్తూరు సీమనుండి పోయిన తెలుగు కార్మికులును త్రవ్విన గని యది. ఇంత కాలము బ్రదుకు కణము చావు నెట్లు చూతురందురా? మనిషి నూరేండ్లు బ్రదికినను, పెద్ద పట్టణమున దినమున కొక చావైన నుండును గదా!

కొన్ని గుర్తులు ప్రోటాను మరణములు గావచ్చునని వారు ప్రకటించిరి. లోకము సమ్మతింపలేదు; తరువాతి పెద్ద యంత్రములకు నవి కానరాలేదు. ఐనను, చూచినదానిని దాచక చెప్పుట శాస్త్రధర్మమే యని నా తలంపు. గనులు 2001లో మూతపడినవి. జపానులో 50,000 టన్నుల నీటితొట్టెయొద్ద నేటికిని కాచుచున్నారు. ఒక్క ప్రోటానైన చచ్చినట్లు రుజువు గాలేదు. అది ముఖ్యముగా చచ్చునని తలచిన మార్గమున దాని యాయువు, 1 ప్రక్కన 34 సున్నలు వ్రాసినన్ని యేండ్లకు మించునని వారి లెక్క.