కాలము, కాలుడు

తత్వశాస్త్రం పుట్టుక గురించి మనలో చాలామందికి తెలిసిన కథ ఒకటుంది. క్రీ.పూ. ఆరో శతాబ్దంలో, ఇప్పటి టర్కీ తీరంలో, మిలెటస్ అనే రేవుపట్నంలో థేలీస్ అనే ఆయన అన్నిటికీ మూలం నీరేనన్నాడు. ఇక అక్కణ్ణించి గ్రీకులు దేవుళ్లను వదిలేసి భావాల వైపు నడిచారు. ఉరుముకి జియస్ అక్కర్లేకపోయింది. ఈ కథకి, ఎవరూ పైకి అనని రెండో సగం కూడా ఉంది: వాళ్లు నడిచారు, మనం గుళ్ల దగ్గరే ఆగిపోయాం. నాకు ఈ రెండు సగాలూ నమ్మబుద్ధి కావు. అదే థేలీస్, అన్నిటా దేవుళ్లు నిండి ఉన్నారని కూడా అన్నట్టు అరిస్టాటిల్ రాశాడు మరి.

చిక్కు భాషలోనే మొదలవుతుంది. గ్రీకులో దికే అంటే న్యాయం, దికే అంటే న్యాయదేవత కూడా. ఇవాళ్టి ఇంగ్లిష్ అనువాదంలో పెద్దక్షరం పెడితే దేవత, చిన్నక్షరం పెడితే భావం. ఆ కాలపు గ్రీకు రాతలో ఈ తేడా లేదు, అన్నీ ఒకే రకం అక్షరాలు. ఎక్కడ దేవత, ఎక్కడ భావం అన్నది ఇప్పటి సంపాదకులు చేసే నిర్ణయం. తెలుగులో మగ దేవుళ్ల దగ్గర ఆ నిర్ణయం ప్రత్యయమే చేసేస్తుంది. కాలము వేరు, కాలుడు వేరు. కామము కోరిక, కాముడు చెరుకువిల్లు పట్టుకున్నవాడు. ఆడ పేర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం మనదీ గ్రీకుల పరిస్థితే. "శాంతి వచ్చింది" అంటే యుద్ధం ఆగిందా, పక్కింటి అమ్మాయి వచ్చిందా? క్రియ చెప్పదు. ఏకవచనంలో ఆడమనిషికీ వస్తువుకీ మనకి క్రియ ఒకటే కదా. గ్రీకులో భావాల పేర్లు ఎక్కువగా స్త్రీలింగాలు. అందుకే న్యాయం, శాంతి, సువ్యవస్థ అనే ముగ్గురూ హెసియడ్ కావ్యంలో జియస్ కూతుళ్లు.

తత్వవేత్తలు వచ్చాక ఈ కూతుళ్లు ఇల్లు ఖాళీ చేశారా? లేదు. అనాక్సిమాండర్ సృష్టి, లయల గురించి చెబుతూ, వస్తువులు ఒకదానికొకటి చేసిన అన్యాయానికి పరిహారం చెల్లిస్తాయన్నాడు. హెరాక్లిటస్ లెక్కలో సూర్యుడు తన హద్దు దాటితే దికే సేవకురాళ్లు పట్టుకుంటారు. ఇవాళ మనం ప్రకృతి నియమం అనేదాన్ని చెప్పడానికి వాళ్లకి దొరికిన మాట ఆ దేవతే. పార్మెనిడెస్ మరీ చిత్రం. ఉన్నది ఉంది, లేనిది లేదు అని అంత కటువుగా తర్కించినవాడు, ఆ తర్కాన్నంతా ఒక దేవత నోట చెప్పించాడు. ఆ దారిలో తలుపు తాళాలు దికే చేతిలోనే ఉంటాయి.

ప్లేటో దగ్గర మాత్రం వరస మారుతుంది. "ఫేడ్రస్"లో దేవుళ్లు రథాలెక్కి ఆకాశం అంచు దాటి వెళ్లేది న్యాయాన్ని, జ్ఞానాన్ని దర్శించుకోడానికి. అంటే దేవుళ్లే యాత్రికులు. అరిస్టాటిల్ దేవుడు తన ఆలోచనని తానే ఆలోచించుకుంటూ ఉంటాడు, మొక్కులు వినడు. ఆ తర్వాత స్టోయిక్కులు విశ్వాన్ని నడిపే బుద్ధినే మళ్లీ జియస్ అన్నారు, వాళ్లలో క్లెయాంథెస్ ఆ జియస్ మీద స్తోత్రం కూడా రాశాడు. తత్వవేత్తల సంగతి అలా ఉంటే, ఏథెన్స్ జనం క్రీ.పూ. 375 ప్రాంతంలో స్పార్టాతో సంధి కుదిరాక శాంతికి ఏటేటా బలులు మొదలుపెట్టారు. శిల్పి కెఫిసోడోటస్ ఆమెని తల్లిగా చెక్కి, చంకలో ఒక పిల్లాణ్ణి పెట్టాడు. ఆ పిల్లాడి పేరు ప్లూటోస్, అంటే సంపద. ఇక్కడ భావం దేవతవుతోంది, అక్కడ దేవుడు భావమవుతున్నాడు. ఒకే ఊళ్లో రెండూ.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. గ్రీకులో రాసిన పుస్తకాలకి ఈ తీరం తెలుసు. ఒకటో శతాబ్దపు "పెరిప్లస్" మసాలియా అన్నది బందరు ప్రాంతాన్నే, అక్కడి సన్నబట్టల కోసం. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కొంటకొస్సీల అనే రేవు దివిసీమ దగ్గరి ఘంటసాల. నాగార్జునకొండ శాసనంలో అదే కంటకసేల. ఘంటసాల శాసనంలో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. 1894లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల మీద ఒకే పుస్తకం వేశాడు. ఓడల్లో ప్లేటో కూడా దిగాడని నేననను. రెండు చోట్లా వచ్చిన ఒకే చిక్కుని పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను, అంతే.

కృష్ణా లోయ బౌద్ధ శిల్పంలో మారుడి దాడిని చూడండి. మారుడు అంటే చావు, కోరిక. అతని కూతుళ్ల పేర్లు తృష్ణ, అరతి, రాగ. సైన్యంలో ఆకలి, భయం, సందేహం. అన్నీ భావాలే, అన్నిటికీ కాళ్లూ చేతులూ ఉన్నాయి. వాళ్లు మీద పడుతున్నది ఎవరి మీద? అమరావతి తరహా తొలి ఫలకాల్లో అక్కడ ఉండేది చెట్టు కింద ఖాళీ ఆసనం. నిజంగా బతికి, నడిచి, గంజి తాగిన మనిషి గుర్తయిపోయాడు, మనసులోని భయాలు మనుషులయ్యాయి. ఇవి పూజాస్థలాల బొమ్మలే తప్ప బుద్ధుడి లోటుని చూపేవి కావని సూసన్ హంటింగ్టన్ లాంటివాళ్లు వాదించారు. అలా చూసినా జనం దండం పెట్టింది ఆసనానికీ చక్రానికే.

ఆ ఖాళీ ఎక్కువకాలం నిలవలేదు, విగ్రహం వచ్చి కూర్చుంది. దాని వెనక వాదనలూ నడిచాయి. పాలీ గ్రంథం "కథావత్థు"లో ఒక వాదం ఉంది: బుద్ధుడి మలమూత్రాలు కూడా అన్ని పరిమళాలనీ మించినవి అని. ఇలా అన్నవాళ్లలో అంధకులున్నారని వ్యాఖ్యానం చెబుతుంది. అంధకులంటే మన ఆంధ్ర శాఖలవాళ్లే. అవతలివాళ్ల జవాబు: అయితే ఆయన అత్తరు తిన్నాడా? తిన్నది అన్నమూ గంజీ కదా! గుర్రాలకి చేతులుంటే గుర్రాల్లాంటి దేవుళ్లని గీసుకునేవని వెక్కిరించిన గ్రీకు జెనోఫేనెస్‌ది కూడా ఇలాంటి నోరే.

ఘంటసాలకి దగ్గర్లోనే శ్రీకాకుళం ఉంది, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. కృష్ణదేవరాయలు "ఆముక్తమాల్యద" మొదట్లో తన కలలోకి ఈయన వచ్చి తెలుగులో కావ్యం రాయమన్నాడని చెప్పుకున్నాడు. దేవుడికి జాతి పేరు, ఆ దేవుడికి భాష మీద మమకారం! పద్దెనిమిదో శతాబ్దంలో కాసుల పురుషోత్తమ కవి ఇదే దేవుడి మీద నిందాస్తుతి శతకం చెప్పాడు. ఒళ్లున్న దేవుడితో ఉన్న సౌకర్యం ఇది: పోట్లాడొచ్చు. అరిస్టాటిల్ దేవుణ్ణి తిట్టి ఏం లాభం?

ఇరవయ్యో శతాబ్దానికి భాషే దేవతయింది. తెలుగుతల్లికి కిరీటం, చేతిలో వరికంకులు, కూడలిలో విగ్రహం. తెలంగాణ ఉద్యమం తన తల్లిని తాను నిలబెట్టుకుంది. భాష అనే భావాన్ని ఇద్దరు పంచుకోవచ్చు, తల్లిని పంచుకోవడం కష్టమైంది. ఈ తల్లుల మీద నిందాస్తుతి రాసే ధైర్యం ఇవాళ ఏ కవికుంది?

అందుకే, దేవుళ్లనుంచి భావాలకి ఎంత దూరం నడిచారన్న కొలత నాకు పనికిరానిదనిపిస్తుంది. ప్లేటో "యూథిఫ్రో"లో సోక్రటీస్ అడుగుతాడు: దేవుళ్లకి నచ్చింది కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి వాళ్లకి నచ్చిందా? ఆ సంభాషణ జరిగేది కోర్టు గుమ్మంలో. క్రీ.పూ. 399లో నగరం దేవుళ్లను గుర్తించడంలేదన్న నేరం మీద ఆయన విషం తాగాల్సి వచ్చింది. దేవుళ్లను వదిలేసి నడిచిందని మనం చెప్పుకునే ఊరే ఆ విషం ఇచ్చింది. ఆ ప్రశ్నలో "దేవుళ్లకి" అన్నచోట "తల్లికి", "జాతికి", "అభివృద్ధికి" అని పెట్టి చూడండి. ఎక్కడ ఆ ప్రశ్న అడిగి క్షేమంగా ఇంటికి రాగలుగుతున్నామో నాకైతే అదే ముఖ్యం.