పడవ చక్రం మీద బుడిపె

చుక్కాని తెలుగు మాట కాదు. అరబ్బీలో సుక్కాన్ అంటే ఓడ దిశని తిప్పే సాధనం. పర్షియన్‌లో సుక్కానీ అంటే దాన్ని పట్టుకుని నిలబడే మనిషి. మన తీరానికి చేరేలోపు మనిషి ఎక్కడో జారిపోయి వస్తువు మిగిలినట్టుంది. సరంగు కూడా అటునుంచి వచ్చిన మాటే. పర్షియన్‌లో సర్‌హంగ్ అంటే దండునాయకుడు, మనకి గోదావరి మీద లాంచీ నడిపే ఆయన. పడవ పనిలో గడ, తెడ్డు మాత్రం మన మాటలు. రెండూ చేతికి నేరుగా అందేవే, మధ్యలో యంత్రం లేనివే.

ఆ మధ్యలో యంత్రం వచ్చాక చేతికి పట్టు ఎలా దొరికిందన్నది పెద్ద కథ. దాని చివర్లో నిమ్మకాయంత వస్తువు ఒకటి ఉంది. స్టీరింగు చక్రం అంచున బిగించే గుండ్రటి బుడిపె. ఇంగ్లీషులో స్పిన్నర్ నాబ్ అంటారు. అది తన ఇరుసు మీద తను తిరుగుతుంది కాబట్టి, అరచేతిలో ఒకసారి పట్టుకుంటే ఇక వదలకుండా చక్రాన్ని ఎన్ని చుట్లయినా తిప్పొచ్చు. తిరుపతి, చిత్తూరు వైపు దీన్ని చూడ్డానికి పడవ దాకా పోనక్కర్లేదు. రోడ్డు పక్కన ఆగిన జేసీబీలోకి తొంగి చూస్తే చాలు. కానీ కథ మొదలయ్యేది మాత్రం నీళ్ల మీదే.

నీళ్లు ఈ జిల్లాకి కొత్తగా వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, తడ నెల్లూరు నుంచి తిరుపతికి మారాయి. దాంతో కొండ వల్ల పేరొచ్చిన ఊరి జిల్లాకి పులికాట్ అనే ఉప్పునీటి సరస్సు వచ్చి చేరింది. స.వెం. రమేశ్ కథలు చదివినవాళ్లకి అది ప్రళయకావేరి. ఆ సరస్సులో లోతు చాలాచోట్ల ఒక మనిషి నడుము దాటదు. అందుకే ఇక్కడ పడవని చాలాకాలం నడిపించింది గడ. అడుగున బురదలో గుచ్చి నెట్టడమే. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. గడ వేసేవాడికి వేగం, దిశ అని రెండు పనులు లేవు. ఒకే తోపులో రెండూ ఉంటాయి, ఆ తోపుకి రెండు చేతులూ కావాలి.

ఈ రెండు పనుల్నీ విడదీసింది ఓడ, ఆ తర్వాత ఇంజను. పెద్ద ఓడల మీద చక్రం 18వ శతాబ్దం మొదట్లో వచ్చింది. పాత ఓడ బొమ్మ ఏదైనా ఒకసారి గుర్తు చేసుకోండి. చక్రం ఆకులు అంచు దాటి బయటికి పొడుచుకొచ్చి, ఒక్కొక్కటీ ఒక్కో పిడిలా ఉంటాయి. వాటిలో ఒకదానికి తాడు ముడి చుట్టేవాళ్లు. చుక్కాని తిన్నగా ఉన్నప్పుడు ఆ పిడి సరిగ్గా పైకి రావాలి. చీకట్లో చెయ్యి తడిమితే ఓడ దిశ తెలిసిపోతుంది. బుడిపెకి పూర్వీకుడంటూ ఉంటే నా లెక్కలో ఆ ముడిపిడే.

మోటారు కారు మొదట్లో చక్రాన్ని పట్టించుకోలేదు. 1886లో కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల బండిని తిప్పింది ఒక చిన్న పిడితోనే. తర్వాత చాలా బండ్లకి చిన్న పడవల్లో ఉండేలాంటి అడ్డకర్ర ఉండేది. 1894లో పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన పందెంలో ఆల్ఫ్రెడ్ వాషెరాన్ తన పాన్హార్డ్ బండికి గుండ్రటి చక్రం బిగించాడు. నాలుగైదేళ్లలో అదే ఆనవాయితీ అయింది. ఓడ చక్రానికున్న పిడుల్ని కారు నున్నగా చెరిపేసింది. ఆ నున్నటి చక్రమే తర్వాత మోటారు బోట్లలోకి తిరిగొచ్చింది. పడవ నుంచి అరువు తెచ్చుకున్న వస్తువుని కారు పిడులు పీకేసి పడవకే తిరిగిచ్చిందన్నమాట.

పీకేసిన పిడి అవసరం ఎంతటిదో 1930ల్లో అమెరికా డ్రైవర్లకి అర్థమైంది. పవర్ స్టీరింగుని ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే చేసి చూపించాడు గానీ, అమ్మకానికి వచ్చిన కారులో అది కనిపించింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. ఆ మధ్య పాతికేళ్లూ లారీలు, ట్రాక్టర్లు, బరువైన కార్లు తిప్పడం కండల పని. దానికి రెండు దార్లున్నాయి. ఒకటి, చక్రాన్నే పెద్దది చెయ్యడం. 1944లో తిరుమల మొదటి ఘాట్ రోడ్డు తెరిచినప్పటి బస్సులకి పవర్ స్టీరింగు అనే మాటే లేదు. అలాంటి బండ్లలో బలం చక్రం వెడల్పులోంచి రావాల్సిందే. రెండోది, చక్రానికి బుడిపె బిగించుకుని గిర్రున తిప్పడం. అమెరికా కుర్రాళ్లు రెండోదాన్ని ఎగబడి పట్టుకున్నారు. ఒక చెయ్యి బుడిపె మీద, రెండోది పక్కనున్న అమ్మాయి భుజం మీద. అందుకు తగ్గ చిలిపి పేరు కూడా ఒకటి పెట్టారు. ఇంకో పేరు బ్రోడీ నాబ్. 1886లో బ్రూక్లిన్ వంతెన మీంచి దూకి బతికానని చెప్పుకున్న స్టీవ్ బ్రోడీ పేరది. అసలు దూకాడో లేదో ఇప్పటికీ అనుమానమే. మూడో పేరు ఇంకా సూటిగా ఉంటుంది, సూసైడ్ నాబ్.

ఆ పేరు ఊరికే రాలేదు. మలుపు తిరిగాక కారు చక్రం తనంతట తను వెనక్కి తిరుగుతుంది. ఆ వేగంలో బుడిపె మణికట్టుకి తగిలినా, చొక్కా చేతిలో చిక్కుకున్నా పని అయిపోయినట్టే. పవర్ స్టీరింగు వచ్చాక కారులో దాని అవసరమూ పోయింది. పరువు ముందే పోయింది.

పడవలో మాత్రం పోలేదు. కారణం కాళ్లు. కారులో వేగం, బ్రేకు కాళ్ల కింద ఉంటాయి కాబట్టి చేతులు రెండూ చక్రానికే. పడవలో కాళ్లకి చేసే పనే లేదు. వేగమూ, ముందుకీ వెనక్కీ వేసే గేరూ చేతి పక్కన లీవరులో ఉంటాయి. వెనక తగిలించే చిన్న ఇంజన్లలో ఈ గొడవ లేదు. ఇంజను పిడే దిశ, దాన్ని మెలితిప్పితే వేగం. గడకి దగ్గరి చుట్టం. చక్రం ఉన్న బోటులో అయితే ఒక చెయ్యి లీవరు దగ్గర ఇరుక్కుపోతుంది.

రేవుకి చేర్చేటప్పుడు చూడాలి. పడవకి బ్రేకు లేదు. ఇంజను నీళ్లని తోస్తేనే అది తిరుగుతుంది, లేకపోతే కొట్టుకుపోతూ ఉంటుంది. అందుకని ముందు చక్రాన్ని పూర్తిగా ఒక వైపు తిప్పి, చిన్న తోపు ఇచ్చి, న్యూట్రల్ చేసి, చక్రాన్ని పూర్తిగా రెండో వైపు తిప్పి, వెనక్కి ఒక తోపు ఇవ్వాలి. ఆ చివర నుంచి ఈ చివరకి మూడు నాలుగు చుట్లు, హైడ్రాలిక్ అయితే ఇంకా ఎక్కువ. ఒంటి చేత్తో, పట్టు మార్చుకుంటూ. గాలి మాత్రం మన కోసం ఆగదు. బుడిపె ఉంటే అదే పని బావి గిలక తిప్పినంత తేలిక. వేగం అందుకున్నాక మాత్రం చెయ్యి దాని మీంచి తీసెయ్యాలి. ప్రొపెల్లర్ లాగుడుకి చక్రం ఒక పక్కకి గుంజుతూ ఉంటుంది, అల తగిలితే ఒంటి పిడి పట్టు చాలదు. మడిచి పెట్టుకునే రకం దొరికితే అదే మేలు.

జేసీబీ ఆపరేటరుదీ ఇదే పరిస్థితి. ఎడమ చెయ్యి బుడిపె మీద, కుడి చెయ్యి ముందు తొట్టిని ఎత్తే లీవరు మీద. ఎర్రమట్టి ఎత్తి టిప్పరులో పోసే పద్ధతి చూస్తే, ఆయన ఆ బండిని సరంగులాగే నడుపుతున్నాడనిపిస్తుంది.

ఇంకో రకం మనుషులున్నారు. వాళ్ల విషయంలో ఈ బుడిపె సరదానో సుఖమో కాదు. తిరుపతిలో టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి 1985లో మొదలైంది. పోలియో వచ్చిన పిల్లలకి కాళ్లు సరిచేసే ఆపరేషన్లకి అది పేరుపడ్డది. 2014 మార్చిలో భారతదేశం పోలియో లేని దేశంగా ధ్రువీకరణ పొందింది, కొత్త కేసులు ఆగాయి. కానీ అంతకుముందు పోలియో వచ్చిన పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాలు చేస్తూ, కారు కొనుక్కోవాలనుకునే వయసులో ఉన్నారు. కాళ్లు సహకరించనివాళ్ల కారులో బ్రేకు, యాక్సిలరేటరు చేతి లీవరుకి కలుపుతారు. అంటే ఒక చెయ్యి అక్కడ, చక్రానికి మిగిలేది ఒక్క చెయ్యి. అచ్చంగా పడవ పరిస్థితే. యుద్ధంలో అవయవాలు పోగొట్టుకున్న సైనికులకి కార్లు కొనివ్వడానికి అమెరికా 1946లోనే ఒక్కొక్కరికి 1,600 డాలర్ల దాకా ఇచ్చే చట్టం చేసింది. కుర్రాళ్లు వెధవ్వేషాలకి వాడారని చెడ్డపేరు తెచ్చుకున్న బుడిపె, ఇలాంటి కార్లలో మర్యాదస్తుల వస్తువైంది.

మన దగ్గర చట్టం చాలాకాలం ఇంకోలా ఆలోచించింది. 1988 మోటారు వాహనాల చట్టంలో ఇలాంటి బండికి పెట్టిన పేరు ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’. పేరులోనే మనిషి చెల్లడన్న ధ్వని. అది కూడా అలాంటి మనిషి కోసమే ప్రత్యేకంగా తయారైన బండి. 2019 సవరణ ఆ పేరు తీసేసి ‘అడాప్టెడ్ వెహికిల్’ అని పెట్టింది. కంపెనీ తయారుచేసిన మామూలు కారునే మార్పించుకున్నా ఆ నిర్వచనంలోకి వస్తుంది. మార్పులన్నిటినీ కట్టడి చేసే 52వ సెక్షన్‌లోనే దీనికి దారి ఉంది. అయినా కాగితాలు పట్టుకుని ఆర్టీఓ ఆఫీసు మెట్లెక్కాల్సిందే, ఆర్సీలో ఆ మార్పు ఎక్కాల్సిందే. ఆ కాగితాలన్నీ తెమిలాక కారుకి బిగించేదీ, సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు బోటు చక్రానికి స్పానరుతో బిగించుకునేదీ ఒకటే బుడిపె.