రెండు భాషల విరహగీతము



రాజుల చరిత్రములు మీరు పెక్కు వినియున్నారు. నేడొక పాట చరిత్రము మనవి చేసెదను.

అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రమునకు దక్షిణపు టెల్లగా రియో గ్రాండి నది పాఱుచుండును. ఆవలి గట్టు మెక్సికో. ఆ పొలిమేర కుటుంబములలో ఇంట స్పానిషు, బజారున ఆంగ్లము మాటాడువారు పెక్కుమంది. అచ్చటి సాన్ బెనీటో పట్టణమున 1937 జూన్ 4వ తేదీన బాల్డెమార్ వెర్టా జన్మించెను. తల్లిదండ్రులు పంటల వెంట నూరూర తిరుగు కూలీలు. ఇతడు పదునాఱవ యేట బడి మాని సైన్యమున జేరెను. మరలివచ్చి స్పానిషు పాటలు పాడి స్వస్థలమున బేరు గాంచెను. ఆంగ్ల శ్రోతలను గూడ నాకర్షింప దలచి, తన గిటారుపై నున్న తయారీదారుని పేరు గైకొని ఫ్రెడీ ఫెండరయ్యెను.

1959లో నతడు పాడిన యొక పాటకు బ్రఖ్యాతి వచ్చుచుండగా, 1960 మే నెలలో బేటన్ రూజ్ నగరమున గంజాయి కలిగియున్న నేరమునకు బట్టుబడెను. అంగోలా చెరసాలలో రమారమి మూడేండ్లు గడచెను. విడుదలైన పిమ్మట బూర్వపు పేరు రాలేదు. కొంతకాలమునకు మోటారు బండ్లు బాగుచేయుచు, కళాశాలలో జదువుచు, వారాంతములందు మాత్రమే పాడుచుండెను.

1974లో హ్యూయ్ మో అను నిర్మాత యతనిచేత 'బిఫోర్ ది నెక్స్ట్ టియర్‌డ్రాప్ ఫాల్స్' అను గీతమును బాడించెను. వివియన్ కీత్, బెన్ పీటర్స్ అనువారలు రచించిన యీ పాటను మునుపే పలువురు పాడియుండిరి. తన్ను వీడి వేరొకని వెంట బోవు ప్రియురాలిని నాయకుడిందు నిందింపడు. ఆమె సుఖమునే కోరును. ఆమెకు దుఃఖము కలిగినచో దాను వచ్చి యాదుకొందునని మాట యిచ్చును. మన యాలంకారికులు చెప్పిన విప్రలంభమున కిది చక్కని యుదాహరణము. వాద్యములు ముందే ముద్రితములై యుండెను; గాత్రము మాత్రమే కొఱత. ఫెండర్ మొదట నాంగ్లమున బాడి, పిదప స్పానిషు చరణము నందుకొనెను.

పల్లీయుల బాణీ నుండి పుట్టిన గీతములకు అమెరికాలో 'కంట్రీ' సంగీతమని పేరు. 1975లో నీ పాట కంట్రీ గీతముల పట్టికలోను, సర్వజనాదృత గీతముల పట్టికలోను బ్రథమస్థాన మలంకరించెను. కంట్రీ సంగీత సంఘము వారు దానిని ఆ యేటి మేటి గీతముగా సన్మానించిరి. చెరసాల వలన మఱుగువడిన యా 1959 నాటి పాటను మరల బాడగా నదియు గంట్రీ పట్టికలో మొదటిదయ్యెను. ముప్పదియెనిమిదవ యేట నతని బ్రతుకు మరల జిగిర్చెను. 2006 అక్టోబరు 14వ తేదీన కార్పస్ క్రిస్టీ నగరమున గన్నుమూసెను.

పదము లవియే, రాగ మదియే, పాడినవారు పలువురు. ఇతనికి మాత్రమే యంతటి ఫలము దక్కుటకు హేతువేమి? కంఠమాధుర్యమొకటి, కాలమొకటి. నా మట్టుకు స్పానిషు చరణమే ముఖ్యమని తోచుచున్నది. పేరు మార్చుకొన్నవాడు దుఃఖము చెప్పుకొనువేళ దల్లి పలుకునకే మరలెను. ఆ భాష యెఱుగనివారు సైతము అందలి యార్తి నెఱిగిరి.

పెద్దలారా! మన బిడ్డలును బరదేశముల కేగి రెండు భాషల మెలగుచున్నారు. పరభాష వారికి గూడు పెట్టును, నేర్వనిండు. అయితే వారి చెవిని నాలుగు తెలుగు పాటలు వేసి పంపుడు. కష్టము వచ్చిననాడు నోట బలుకుటకు వారికవి యుండవలెను.