ఫిజియోథెరపీ, పునరావాస కోర్సులు: చేరేముందు అర్హతలే కాదు, గుర్తింపూ చూడాలి

ఇంటర్మీడియట్‌ ఫలితాలు వెలువడిన వారం రోజులకే పట్టణాల్లోని బస్టాండు గోడలు, విద్యుత్తు స్తంభాలు కళాశాలల ప్రకటనలతో నిండిపోవడం ఏటా కనిపించే దృశ్యమే. నర్సింగ్‌ తర్వాత వాటిలో ఎక్కువగా కనిపించే మాట ఫిజియోథెరపీ. ఎంబీబీఎస్‌ సీటు అందని బైపీసీ విద్యార్థి, ఉన్న ఎకరం తాకట్టు పెట్టయినా బిడ్డను వైద్యరంగంలో చూడాలనుకునే తండ్రి ఆ గోడల ముందు నిలబడి ఫోను నంబరు రాసుకుంటారు. ఫీజు ఎంత, హాస్టలు ఉందా, ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. ఆ కోర్సు ఏ చట్టం కిందికి వస్తుంది, చదువు ముగిశాక పేరు ఏ రిజిస్టరులో నమోదవుతుంది అని అడిగేవారు అరుదు. నాలుగైదేళ్ల చదువు, లక్షల ఖర్చు నిలిచేదీ, నీటిపాలయ్యేదీ ఈ ప్రశ్న దగ్గరే.

రెండు చట్టాలు, రెండు రిజిస్టర్లు

పునరావాస వైద్యమంటే ప్రమాదం, పక్షవాతం, పుట్టుకతో వచ్చిన లోపం వంటి కారణాల వల్ల శరీరం కోల్పోయిన శక్తిని వీలైనంత తిరిగి తెప్పించే శాస్త్రం. మన దేశంలో ఈ చదువులన్నీ ఒకే గొడుగు కింద లేవు. తికమకకు మూలం ఇదే.

వినికిడి, మాట లోపాలకు చికిత్స చేసే ఆడియాలజీ, స్పీచ్‌ థెరపీ. కృత్రిమ అవయవాల తయారీ. దివ్యాంగ బాలలకు బోధించే ప్రత్యేక విద్య. క్లినికల్‌ సైకాలజీ వంటివి భారత పునరావాస మండలి పరిధిలోనివి. 1992లో పార్లమెంటు చేసిన చట్టం దీనికి ఆధారం. ఈ మండలి గుర్తించిన కోర్సు పూర్తిచేసి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేయించుకున్నవారే వృత్తి చేపట్టాలి. నమోదు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే వీలు ఆ చట్టంలో ఉంది. జరిమానా మొత్తం చూస్తే ఈ కాలానికి నవ్వు రావచ్చు. జైలు మాట మాత్రం నవ్వులాట కాదు. నమోదు కూడా శాశ్వతం కాదు. ఎప్పటికప్పుడు శిక్షణ కార్యక్రమాలకు హాజరవుతూ గడువులోగా పునరుద్ధరించుకోవలసి ఉంటుంది.

ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్‌ థెరపీ మాత్రం పునరావాస మండలి కిందికి రావు. చాలా ఏళ్లపాటు వీటికి దేశవ్యాప్త చట్టబద్ధ మండలి అంటూ లేదు. 2007లో కేంద్రం పార్లమెంటులో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. చివరకు 2021లో అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్‌ చట్టం వచ్చింది. ఈ చట్టం వృత్తులను రెండు తరగతులు చేసింది. రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో కనీసం 2,000 గంటల డిప్లొమా లేదా డిగ్రీ చదివినవారు అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణులు. మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో కనీసం 3,600 గంటల డిగ్రీ చదివినవారు ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులు. ఆరు నెలల్లో ఫిజియోథెరపిస్టును చేస్తామనే ప్రకటన కనబడితే ఈ గంటల లెక్క ఒక్కటి గుర్తుంచుకుంటే సరిపోతుంది.

ఫిజియోథెరపీకి ఎవరు అర్హులు

బి.పి.టి.గా వ్యవహరించే ఫిజియోథెరపీ డిగ్రీకి ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు చదివి ఉండాలి. అంటే మన లెక్కన బైపీసీ. ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఒక్క నెల తేడాతో ఏడాది ఆగవలసి వచ్చేది ఇక్కడే కనుక పదో తరగతి మార్కుల జాబితాలోని పుట్టిన తేదీని ముందే చూసుకోవడం మంచిది. ఒకేషనల్‌ ఇంటర్‌ చదివినవారు జీవ, భౌతిక శాస్త్రాల బ్రిడ్జి కోర్సు ఉత్తీర్ణులై ఉండాలి. ఒకేషనల్‌లో ఫిజియోథెరపీ అనే పేరుతోనే కోర్సు ఉండడం వల్ల, అది పూర్తిచేస్తే ఫిజియోథెరపిస్టు అయినట్టేనని నమ్మేవారు పల్లెల్లో తక్కువేమీ కాదు. అది సహాయకుల స్థాయి చదువు. డిగ్రీకి అది మెట్టు కాగలదు, అదీ బ్రిడ్జి కోర్సు ఉంటేనే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ కోర్సుకు విజయవాడలోని డాక్టర్‌ ఎన్టీఆర్‌ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏటా ప్రవేశ ప్రకటన ఇస్తాయి. విజయవాడ విశ్వవిద్యాలయం పేరు 2022లో మారి, 2024లో మళ్లీ పాతపేరుకు వచ్చింది. కాబట్టి సీనియర్ల పట్టాలపై వేర్వేరు పేర్లు కనిపించినా సంస్థ ఒక్కటే. కంగారు పడనక్కర లేదు.

ఇక ఇటీవలి మార్పులు. జాతీయ కమిషన్‌ 2025లో కొత్త పాఠ్య ప్రణాళిక వెలువరించింది. అంతకుముందు నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌ కలిపి నాలుగున్నరేళ్లుగా ఉన్న కోర్సును, ఏడాది ఇంటర్న్‌షిప్‌తో అయిదేళ్లుగా అందులో నిర్దేశించారు. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్‌ థెరపీ డిగ్రీలకు 2026-27 నుంచి నీట్‌ ఉండాలనీ కమిషన్‌ పేర్కొంది. అంతకుముందు రాష్ట్రాలు ఇంటర్‌ మార్కులనో, తమ ప్రవేశ పరీక్ష ర్యాంకునో ప్రాతిపదికగా తీసుకునేవి. కనుక నీట్‌ ఎంబీబీఎస్‌ కోరేవారి వ్యవహారమని బైపీసీ విద్యార్థి దరఖాస్తు మానుకోరాదు. ఇంటర్‌ రెండో ఏడాదిలోనే దరఖాస్తు గడువు ముగుస్తుంది. ఫలితాలు వచ్చాక తెలుసుకుంటే చేయగలిగింది ఉండదు. ఏ ర్యాంకు, ఏ కనీస మార్కులు అన్నది ఆ సంవత్సరపు విశ్వవిద్యాలయ ప్రకటనలోనే చూడాలి గానీ పోయినేడాది చేరిన బంధువుల మాట మీద ఆధారపడరాదు.

ఆక్యుపేషనల్‌ థెరపీ గురించి మన ప్రాంతంలో తెలిసినవారు తక్కువ. పక్షవాతం వచ్చిన మనిషిని లేపి నిలబెట్టి నాలుగడుగులు వేయించేది ఫిజియోథెరపిస్టు అనుకుంటే, అదే మనిషి చొక్కా గుండీ తానే పెట్టుకునేలా, ముద్ద తానే కలుపుకొని తినేలా తీర్చిదిద్దేది ఆక్యుపేషనల్‌ థెరపిస్టు. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో వీరి పాత్ర మరీ ముఖ్యం. అర్హత బైపీసీయే.

ఎంపీసీ వారికీ దారి ఉంది

వైద్యరంగమంటే బైపీసీయేనన్న అభిప్రాయం పునరావాస కోర్సుల విషయంలో పూర్తిగా నిజం కాదు. ఆడియాలజీ, స్పీచ్‌ లాంగ్వేజ్‌ పాథాలజీ డిగ్రీకి భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు జీవశాస్త్రం గానీ గణితం గానీ చదివినవారు అర్హులు. వినికిడి పరీక్ష అంటే ధ్వని తీవ్రత, పౌనఃపున్యాలతో పని. భౌతికశాస్త్రం బాగా వచ్చిన విద్యార్థికి ఇది కొత్తలోకం కాదు. మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్‌ కలిపి నాలుగేళ్లు. చెవిలో పరికరం అమర్చే శస్త్రచికిత్స జరిగిన పసిబిడ్డకు ఆ తర్వాత నెలల తరబడి మాట నేర్పవలసింది వీరే. శస్త్రచికిత్స నగరంలో జరిగినా, శిక్షణ ఇచ్చేవారు దగ్గరలో లేక వారం వారం రైలెక్కే తల్లులను చూస్తే ఈ వృత్తి అవసరం ఎంతో అర్థమవుతుంది.

కృత్రిమ అవయవాల కోర్సు, అంటే ప్రోస్తటిక్స్‌-ఆర్థోటిక్స్‌ డిగ్రీ, కూడా అంతే. ఎంపీసీ, బైపీసీ రెండువర్గాలూ అర్హులే. నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌. మధుమేహంతో కాలు తీసేసినవారి మోడుకు పట్టీలతో అచ్చు తీయడం, దాన్ని చెక్కి సరిచేయడం, కీళ్ల కోణం కుదర్చడం ఇందులో పని. సగం వైద్యం, సగం వర్క్‌షాపు. చేతిపనిలో నేర్పున్న పిల్లలు ఇంజినీరింగ్‌ వైపే పరుగెత్తకుండా ఒకసారి ఆలోచించదగిన కోర్సు ఇది.

ఈ చదువులకు కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థలు పేరున్నవి. ఒడిశాలోని కటక్‌ సమీపాన ఒలత్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ, కోల్‌కతాలోని చలన వైకల్యాల జాతీయ సంస్థ, చెన్నై శివారు ముత్తుకాడులోని బహుళ వైకల్యాల సంస్థ వంటివాటిలో ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్‌ థెరపీ, కృత్రిమ అవయవాల డిగ్రీలు ఉన్నాయి. వీటి ప్రవేశ ప్రకటన రాష్ట్ర విశ్వవిద్యాలయాల ప్రకటనకు వేరుగా వస్తుంది. మన జిల్లాల నుంచి వీటికి దరఖాస్తు చేసేవారు తక్కువగా ఉండడానికి కారణం అర్హత లేకపోవడం కాదు, సమాచారం అందకపోవడమే. శ్రవణ, వాక్‌ శాస్త్రాలకు మైసూరులోని అఖిల భారత సంస్థ దేశంలోనే పేరెన్నికగన్నది. సికింద్రాబాద్‌ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. ప్రత్యేక విద్యలో శిక్షణకు తెలుగువారికి ఇది చేరువలో ఉన్న పెద్ద కేంద్రం.

చదువు తేలికేమీ కాదు

ఎంబీబీఎస్‌ రాలేదు గనుక తేలికైన కోర్సులో చేరామనుకున్నవారికి మొదటి ఏడాదే కనువిప్పు కలుగుతుంది. శరీర నిర్మాణం, శరీర ధర్మశాస్త్రం అప్పుడే మొదలవుతాయి. కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుందో, ఏ నాడి దాన్ని కదిలిస్తుందో కంఠస్థం కాదు, చేత్తో తాకి చెప్పగలగాలి. తర్వాతి సంవత్సరాల్లో వ్యాయామ చికిత్స, విద్యుత్‌ చికిత్స, దేహ యాంత్రికశాస్త్రం, ఔషధశాస్త్రం. చివరకు ఎముకలు, నరాలు, గుండె-ఊపిరితిత్తుల రోగులకు చేసే చికిత్స వస్తాయి. థియరీలో, ప్రాక్టికల్స్‌లో విడివిడిగా ఉత్తీర్ణత సాధించాలి. హాజరు చాలకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు మొదటి ఆరు నెలలు ఇంగ్లిషు పదజాలంతో తంటాలు పడడం సహజం. వేసవిలోనే శరీర నిర్మాణ పదాలు కొన్ని నేర్చుకొని వెళ్లినవారు త్వరగా కుదుటపడతారు.

కళాశాల ఎంపికలో భవనం కంటే ఆస్పత్రి ముఖ్యం. రోగులు లేనిచోట ఈ విద్య అబ్బదు. చేరేముందు ఒకరోజు ఉదయం వెళ్లి, విద్యార్థులు ఏ ఆస్పత్రిలో పనిచేస్తున్నారు, అక్కడ నిజంగా రోగులున్నారా అన్నది కళ్లారా చూడడం ఏ ప్రకటన చదవడం కంటే మేలు.

ప్రత్యేక విద్య, జిల్లాలోని అవకాశాలు

దివ్యాంగ బాలల కోసం మండలాల్లో నడుస్తున్న భవిత కేంద్రాల్లో బోధించే ఉపాధ్యాయులకు పునరావాస మండలి గుర్తించిన ప్రత్యేక విద్యా శిక్షణ అవసరం. ఇంటర్‌ తర్వాత రెండేళ్ల డి.ఇడి. ప్రత్యేక విద్య, డిగ్రీ తర్వాత బి.ఇడి. ప్రత్యేక విద్య ఇందుకు మార్గాలు. సాధారణ బి.ఇడి. దీనికి ప్రత్యామ్నాయం కాదు. ప్రాథమిక స్థాయిలో ప్రతి పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలన్న నిష్పత్తిని 2022లో కేంద్ర ప్రభుత్వం నిర్దేశించింది. బాలల ఆరోగ్యానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో ఏర్పాటైన సత్వర చికిత్సా కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు, ఆడియాలజిస్టు, సైకాలజిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులు ఉంటాయి. వీటిలో చాలావరకు కాంట్రాక్టు నియామకాలేనని విద్యార్థులు ముందే తెలుసుకోవాలి.

సైకాలజీ విషయంలో మరో మాట. బి.ఎ., ఎం.ఎ. సైకాలజీ పట్టా ఉన్నంతమాత్రాన క్లినికల్‌ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకునే అధికారం రాదు. దానికి పునరావాస మండలి గుర్తించిన ప్రత్యేక శిక్షణ, నమోదు కావాలి.

దూరవిద్య పట్టాలతో జాగ్రత్త

ఇంట్లో కూర్చుని చదివి వైద్యరంగంలో స్థిరపడవచ్చునన్న ప్రకటనలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. 2021 చట్టం పరిధిలోని ఆరోగ్య కోర్సులను, సైకాలజీ, పోషకాహారశాస్త్రం సహా, దూరవిద్య లేదా ఆన్‌లైన్‌ విధానంలో నడపరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2025లో ఆదేశించింది. ఆ ఏడాది జులై-ఆగస్టు ప్రవేశాల నుంచే అది అమలులోకి వచ్చింది. విదేశాలకు వెళ్లదలచినవారు మరింత జాగ్రత్త వహించాలి. అమెరికాలో ఫిజియోథెరపిస్టుగా పనిచేయాలంటే ఇక్కడి చదువును సబ్జెక్టులు, శిక్షణ గంటల వారీగా అక్కడి ప్రమాణాలతో పోల్చి చూసిన తర్వాతే లైసెన్సు పరీక్షకు అనుమతిస్తారు. అక్కడి కొత్త విద్యార్థులు డాక్టరేట్‌ స్థాయిలో ఈ కోర్సు చదువుతున్నందున మన పట్టాలో లోటు గంటలు తేలడం మామూలే.

సిద్ధం చేసుకోవలసిన పత్రాలు

కౌన్సెలింగ్‌ వేళ సీటు చేజారేది ఎక్కువగా కాగితాల వల్లే. పదో తరగతి, ఇంటర్‌ మార్కుల జాబితాలు, బదిలీ పత్రం, ఆరో తరగతి నుంచి ఇంటర్‌ వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువీకరణలు ముందే తెచ్చుకోవాలి. మధ్యలో మూతపడిన ప్రైవేటు పాఠశాలలో చదివినవారు స్టడీ సర్టిఫికెట్‌ కోసం మండల విద్యాశాఖాధికారి కార్యాలయాన్ని ఫలితాలకు ముందే సంప్రదించాలి. ఆఖరి రోజున ఆ పని తెమలదు. స్థానికత నిర్ణయం ఈ పత్రాల మీదే ఆధారపడుతుంది. దివ్యాంగ విద్యార్థులకు 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం అయిదు శాతం సీట్లు, గరిష్ఠ వయసులో అయిదేళ్ల సడలింపు ఉన్నాయి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్లు ధ్రువపత్రం చూపాలి. కన్వీనరు కోటా కాక యాజమాన్య కోటాలో గానీ, చివర మిగిలిన సీట్లలో నేరుగా గానీ చేరితే బోధన రుసుము తిరిగి చెల్లింపు సాధారణంగా వర్తించదు. సీటు ఏ కోటాదో రాతపూర్వకంగా తీసుకున్నాకే మొదటి విడత ఫీజు కట్టాలి.