కాలర్ నోక్

మా అబ్బా మనిషి మొహం కంటే ముందు కాలర్ చూస్తారు. రెండు మొనలూ ఒకే పొడవున, పదునుగా ఉన్నాయా అని. ఆ మొనని ఆయన ‘నోక్’ అంటారు. తాడేపల్లిగూడెంలో నలభై ఏళ్లు మిషన్ తొక్కిన దర్జీ.

దర్జీ ఫారసీ మాట. ‘దర్జ్’ అంటే రెండు గుడ్డలు కలిసే కుట్టు. అస్తరు కూడా ఫారసీయే. జేబు అరబీ నుంచి వచ్చింది. అక్కడ ‘జైబ్’ అంటే మొదట్లో చొక్కాకి మెడ దగ్గరుండే తెరిపి, మన గిరేబాన్. అందులో వస్తువులు దాచుకోవడం అలవాటై, చివరికి సంచికే ఆ పేరు వచ్చింది. (కాజా మాత్రం పోర్చుగీసు వాళ్లదట, అది వాళ్లకే ఇచ్చేద్దాం.) చిన్నప్పుడు “మీదే దేశంరా?” అని నన్నడిగిన వాళ్లు ఓసారి తమ జేబు తడుముకుని ఉంటే బాగుండేది.

అయితే నిజం చెప్పుకోవాలి, ఈ నోక్ మన ఖాందానీ సొత్తు కాదు. కుర్తాకి మొనలుండవు, షేర్వానీది నిలువు గల్లా. మొనల కాలర్ దొరల చొక్కాతో వచ్చింది. 1766లో నిజాం ఏలూరు సర్కారుని ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాక మనకి కొత్త మాలిక్‌లొచ్చారు. దొరల బంగళా వరండాలో బాసింపట్టు వేసుకుని, ఇచ్చిన చొక్కాని చూసి అచ్చం అలాంటిదే కుట్టిన దర్జీల హునర్ అది. 1851లో ఏలూరు తివాచీలు లండన్ ఎగ్జిబిషన్‌కి వెళ్లాయి. చేత్తో ముడి మీద ముడి వేసిన తివాచీలు. అదే ఏడాది అమెరికాలో సింగర్ తన కుట్టుమిషన్‌కి పేటెంట్ తీసుకున్నాడు.

మిషన్ వచ్చినా నోక్ మాత్రం చేతిలోనే ఉంది. అబ్బా పద్ధతి ఇది. కాలర్ పై గుడ్డ కింది గుడ్డ కంటే వెంట్రుకవాసి పెద్దదిగా కోయాలి, అప్పుడు కుట్టు అడుగుకి తిరిగి కనబడదు. బుక్రం మొనని కాస్త తెంపాలి. మొన దగ్గరికొచ్చాక కుట్టు చిన్నది చేయాలి. మొన మీద నేరుగా మలుపు తిప్పకూడదు, అడ్డంగా ఒక్క టాకా వేసి అప్పుడు తిరగాలి. పదును కావాలంటే అడ్డ టాకా ఎందుకని చాలామందికి షక్. కానీ అది లేకపోతే లోపలి గుడ్డకి చోటు చాలక ముద్ద కడుతుంది. అంచుని అంగుళంలో ఎనిమిదో వంతుకి కత్తిరించి, టాకా లోపల ముందే పెట్టిన దారాన్ని, కాలర్ తిరగేశాక మెల్లగా లాగాలి. నోక్ తనంతట తానే బయటికొస్తుంది. కత్తెరతో పొడిచి మొన తీసేవాణ్ని అబ్బా ‘అనాడీ’ అంటారు. ఆయన నిఘంటువులో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

కొల్లేరు చేపల చెరువులు జోరుగా సాగిన రోజుల్లో సంక్రాంతికీ పెళ్లిళ్లకీ తెల్ల చొక్కాల గుడ్డలు తానులుగా వచ్చేవి. రంజాన్ నెలలో తరావీహ్ నమాజ్ చదివొచ్చి సహరీ దాకా కుట్టేవారు. 2006లో సర్కారు కొల్లేటి చెరువుల గట్లు కొట్టేసింది. ఆ పండక్కి మా షాపులో తెల్ల గుడ్డ కనబడలేదు. తర్వాత రెడీమేడ్ వచ్చింది, దాంతో ఇస్త్రీ వేడికి అతుక్కునే ఫ్యూజింగ్ కాలర్లొచ్చాయి. నాలుగు ఉతుకులకి బుడగలు లేస్తాయి, అయినా కొంటాం. నేనూ కొంటున్నాను.

మొన్న ఈద్‌కి మనవడి చొక్కా తనే కుడతానన్నారు అబ్బా. సూదిలో దారం నేనెక్కించాను. కాలర్ తిరగేసి, కళ్లు మూసుకుని, బొటనవేలితో ఒక నోక్ తడిమారు. తర్వాత రెండోది. “ఇది ఒక పోగు తక్కువైంది,” అని విప్పడం మొదలుపెట్టారు.