రిజిస్ట్రేషను కచేరీలో కంప్యూటరు: దాని జయాపజయములు

పొలము కొనినవాడెవ్వడును సబురిజిస్ట్రారు కచేరీ వసారాను మఱవజాలడు. ఆ కచేరీకి కంప్యూటరు వచ్చిన కథయే నేటి నా ప్రసంగవిషయము. కంప్యూటరునకు పని నేర్పు ఆజ్ఞల వరుసను సాఫ్టువేరందురు. అట్టి పని నెగ్గినదో లేదో చెప్పదగినవారెవరను ప్రశ్న యీ కథలో నిమిడియున్నది.

ముందుగా పాత పద్ధతిని స్మరింతము. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి స్థిరాస్తి దస్తావేజులు మొదటి నంబరు పుస్తకములో చేరును. వ్రాసియిచ్చినవారి, వ్రాయించుకొన్నవారి పేళ్లకు ఒక సూచిక, ఆస్తి వివరములకు మఱియొక సూచిక. గుమాస్తా ప్రతి దస్తావేజును చేతితో ఎత్తివ్రాసెడివాడు. ఒక చేనుపై తాకట్టున్నదా లేదా యని తెలియవలెనన్న ఏండ్లకొలది సూచికలను పుటపుటయు త్రిప్పవలెను. అప్పుడుగాని ఈసీ చేతికి రాదు. త్రిప్పెడి చేయి తడిసిన పుటలు వడిగా కదలుననుట లోకులెఱిగినదే.

ఈ జాడ్యమునకు విరుగుడుగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1998 నవంబరు 4వ తేదీన ‘కార్డు’ అను పథకమును ఆరంభించెను. జె. సత్యనారాయణగారను ఐ.ఏ.ఎస్. అధికారి దీనికి సూత్రధారి. నాడు రాష్ట్రమున 387 కచేరీలుండగా తొలుత 214 చోట్ల కంప్యూటర్లు నిలిపిరి. గడచిన 15 ఏండ్ల లావాదేవీల వివరములను యంత్రమున కెక్కించిరి. ఇది సామాన్యమైన శ్రమ కాదు. జీర్ణించిన పుస్తకములలోని గొలుసుకట్టు వ్రాతను చదివి, సర్వే నంబరొక్కటియు తప్పకుండ నెక్కించుట యెంత కష్టమో మన కరణముల వ్రాత చదివినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. చేతితో ఎత్తివ్రాయుట పోయి దస్తావేజు ప్రతిబింబమునే యంత్రము భద్రపఱచెను. దినములు పట్టెడి రిజిస్ట్రేషను గంటలోను, ఈసీ కొద్ది నిమిషములలోను ముగియుచున్నవని ప్రకటించిరి. దేశవిదేశముల పండితులు మెచ్చుకొనిరి.

ఇట్టి పనులను ఇంజనీర్లు మూడు కొలతలతో కొలిచెదరు: గడువునకు ముగిసెనా, వ్యయము మీఱకుండెనా, చెప్పినదంతయు యంత్రము చేసెనా యని. ఇల్లు కట్టిన మేస్త్రికి ఆ కొలతలు చాలును. కాపురముండువానికి చాలునా?

2004లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ అను పత్రికలో జోనథన్ కేస్లీ యను పరిశోధకుడు ఈ పథకమును గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. కంప్యూటర్లు వచ్చినను లంచము పోలేదనియు, పైమెఱుగు మాత్రమే కనబడుచున్నదనియు దాని సారాంశము. అటు ప్రశంస, ఇటు ఈ వ్యాసము, ఏది సత్యము? రెండును సత్యమేయని నా యభిప్రాయము. గడియారమును చూచినవారికి గంటయే కనబడినది. వచ్చినవాని మొగము చూచినవారికి వేఱొకటి కనబడినది. అయినను ఒక్క సంగతి గమనింపదగును. రిజిస్ట్రేషను పద్ధతిని సామాన్యునకు తేటతెల్లము చేయుటయు ఆ పథకము తానై చెప్పుకొన్న లక్ష్యములలో నొకటి. కావున దానిని గడియారముతో మాత్రమే కొలుచుట దాని మాటకే విరుద్ధము.

వచ్చినవారి నడిగి కొలుచు పద్ధతి మన దేశమున కప్పటికే క్రొత్తది కాదు. బెంగుళూరులో సామ్యూల్ పాల్ గారు నీరు, విద్యుత్తు మొదలగు సేవలపై పౌరుల తృప్తిని విచారించి, 1994లో బడిపిల్లల మార్కుల పట్టికవలె ప్రకటించిరి. ఆ మార్కులు మిక్కిలి తక్కువ. అదే పరీక్షను 1999లోను, 2003లోను మరల పెట్టిరి. కడపటిసారి మార్కులు బాగుగ పెరిగెను. ఒకసారి అడిగి యూరకుండక మరల మరల అడుగుటయే అందలి విశేషమని నాకు తోచును.

మా పొరుగు రైతు ఒక యెకరము కొన్నపుడు, అప్పటికి బడిపంతులనైయున్న నన్ను తోడుగ తీసికొనిపోయెను. ఈసీ చేతికందుటకు ఎంతో సేపు పట్టలేదు. నాకు పరమానందమయ్యెను. తిరుగుదారిలో, “తృప్తియేనా?” యని యడిగితిని.

“పని వడిగానే అయిందండి, పంతులుగారూ. రసీదులో ఉన్న సొమ్ముకు బాధ లేదు. రసీదులో లేని సొమ్ము మాత్రం ఎప్పటిలాగే పోయింది,” అనెను.

“దస్తావేజు లేఖరిని వదలి నీవే నేరుగా పోయియుంటే?”

“అమ్మో! ఒక్క నంబరు తప్పితే చేనే పోతుంది. ఆయనకిచ్చింది నేను ఇష్టపడి ఇచ్చిందే. రెండోది, అడిగితే ఇచ్చింది.”

ఒకే జేబులోనుండి పోయిన ఆ రెండు పైకములను ఆతడు వేఱువేఱుగ లెక్కపెట్టుకొనియుండెను.