ముర్రుపాలు దాచుకున్న తల్లులు

మా చెల్లెలి కూతురికి ఇప్పుడు ఎనిమిదో నెల. ఆరో నెలలో షుగర్ ఉందని తేలింది. మొన్న ఫోన్ చేసి, "పెద్దమ్మా, షుగర్ ఉన్నవాళ్లకి పాలు సరిగ్గా పడవట కదా, పాలడబ్బా ముందే కొనిపెట్టుకోనా?" అంది. పురుడు రాకముందే చేతులెత్తేసిన గొంతు అది. ఇరవై ఒక్క ఏళ్ల కిందట నాదీ అదే గొంతు. మావాణ్ణి పుట్టగానే వేరే గదిలోకి తీసుకెళ్లి డబ్బాపాలు పట్టారు. మర్నాడు సాయంత్రానికి గానీ నా ఒళ్లోకి రాలేదు. "నీకు పాలు లేవులే" అని ఎవరో అంటే నమ్మేశాను.

ఈ నమ్మకం ఎక్కడిదా అని తర్వాత చాలా చదివాను. 1922లో టొరంటోలో మొదటిసారి మనిషికి ఇన్సులిన్ ఇచ్చేదాకా షుగర్ ఉన్న ఆడవాళ్లకు కడుపు పండడమే అరుదు. పండినా తల్లీబిడ్డలిద్దరి ప్రాణాలకూ గండమే. ఇక పాల మాట ఎవరికి గుర్తొస్తుంది? ఇన్సులిన్ వచ్చాక తల్లులు బతికారు గానీ బిడ్డలు పోతూనే ఉన్నారు. బోస్టన్‌లో 1924లో జోస్లిన్ దగ్గర చేరిన ప్రిసిల్లా వైట్ అనే డాక్టరమ్మ జీవితమంతా ఈ తల్లుల కోసమే పనిచేసింది. కడుపులోనే బిడ్డ పోతుందన్న భయంతో ఆ రోజుల్లో నెలలు నిండకముందే పురుడు పోసేవారు. అలాంటి బిడ్డ నర్సరీలో, తల్లి వార్డులో.

బిడ్డకు షుగర్ ఎందుకు పడిపోతుందో 1950లలో డెన్మార్క్ డాక్టరు పీడర్సన్ వివరించాడు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, ఇన్సులిన్ చేరదు. అందుకని బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది. బొడ్డుతాడు కోయగానే చక్కెర ఆగిపోతుంది, ఇన్సులిన్ మిగిలి ఉంటుంది. బిడ్డకు వెంటనే ఏదో ఒకటి పట్టాలి. షుగర్ ఉన్న తల్లికేమో పాలు పొంగడం కాస్త ఆలస్యం కావచ్చు. ఆలస్యమంటే లేకపోవడం కాదు కదా! ఆ మధ్య ఖాళీలోకే డబ్బా వచ్చి కూర్చుంది.

కానీ ముర్రుపాలు పురుటికి ముందే ఊరుతాయి. ఆస్ట్రేలియాలో షుగర్ ఉండి, వేరే చిక్కులేమీ లేని 600 మందికి పైగా గర్భిణులతో ఒక పరిశీలన చేశారు. వాళ్లలో సగం మంది 36 వారాలు నిండాక రోజుకు రెండుసార్లు చేత్తో ముర్రుపాలు పిండి దాచుకున్నారు. దానివల్ల బిడ్డలు ఐసీయూలో చేరడం పెరగలేదని 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పైగా ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ తల్లిపాలతోనే గడిచిన బిడ్డలు ఈ తల్లుల్లోనే ఎక్కువ. మా అత్తగారి కాలంలో అవే పాలు పిండి పారబోసి, తేనె నాకించేవారు!

ఇదంతా దానికి చెప్పాను. డాక్టరు సరేనంటేనే పిండమన్నాను. నొప్పుల లక్షణం కనిపిస్తే ఆపెయ్యమన్నాను. బిడ్డ షుగర్ మరీ పడిపోయి డబ్బాపాలు పట్టాల్సి వస్తే పట్టనివ్వు, తర్వాత మళ్లీ రొమ్ముకు వేసుకో అన్నాను.

"పుట్టగానే నా పక్కనే ఉంచుతారా అని కూడా అడగాలి కదా పెద్దమ్మా?" అంది. అవతల కాగితం మీద పెన్ను గీస్తున్న చప్పుడు వినిపించింది.